గోడమీది మాటలు – గోడచాటు మాటలు

పుణ్యక్షేత్రములకు బోయినవారు దేవుని చూచి వత్తురు. పట్టణములకు బోయినవారు గోడలు చూచి వత్తురు. మొన్న మార్గశిరమాసమున మేము బెజవాడలో రాత్రి బండి యెక్కి చెన్నపట్టణమునకు బోయితిమి. మా వెంట వదినగారును, కళాశాలలో చదువుచున్న మా అక్కకూతురును ఉండిరి. తెల్లవారి కిటికీ తెఱచినది మొదలు గోడలు మాతో మాటలాడుచునే యుండెను. మూలశంకను కత్తి తాకకుండ మాన్పుదుమని యొక గోడ. ముప్పది దినములలో ఇంగ్లీషు నేర్పుదుమని మఱియొక గోడ. విమానాశ్రయమునకు పది నిమిషముల దూరమున ఇండ్లస్థలములు గలవని వేఱొక గోడ. ఆ పది నిమిషములు విమానములో బోవువారికి గాబోలునని అక్కకూతురు నవ్వెను. "ఇచట ప్రకటనలు అంటింపరాదు" అను హెచ్చరికమీదనే బట్టతలకు మందు ప్రకటన నంటించిన మహానుభావుని ధైర్యమునకు మేము మనసులోనే నమస్కరించితిమి. సూళ్లూరుపేట వఱకు గోడలు తెలుగున బలికినవి, ఆపైని అరవమున. చెప్పునది మాత్ర మొక్కటే. బట్టతల మాట వినగానే వదినగారు మొగము ప్రక్కకు ద్రిప్పుకొనిరి. కారణము మాకప్పుడు తెలియలేదు.

సెంట్రలు స్టేషను వెలుపలికి రాగానే వీథి కావలివైపున పెద్దాసుపత్రి కనబడును. అచ్చటికి సమీపముననే వేపేరి యను పేట కలదు. అందు చూడదగిన వింత యేదియు లేదు. అంగళ్లును ఆటోలును గల సామాన్యమైన వీథులే. కాని గోడచాటు మాటల కెంత వెల చెల్లింపవలసివచ్చునో ఆ వీథులకు దెలియును. సి.యన్. లక్ష్మీకాంతన్ అనునతడు 1943లో 'సినిమా తూదు' అను అరవ పత్రికను బెట్టి, సినిమావారి గుట్టుమట్లను రచ్చకెక్కించుచుండెను. అది నిలిచిపోగా 'హిందూ నేశన్' అను పత్రికలో నదే వ్యాపారము సాగించెను. ఆ వ్రాతలను చీదరించుకొన్నవారు పెక్కుమంది. ఐనను పత్రిక బాగుగ నమ్ముడుపోయెను. చీదరించుకొన్నవారే కొనకున్న మఱి యెవరు కొనిరో! 1944 నవంబరు 8వ తేదీన వేపేరిలో రిక్షాపై బోవుచుండగా నతనిని కత్తితో బొడిచిరి. మఱునాడు పెద్దాసుపత్రిలో మరణించెను.

ఆ హత్యకు కుట్ర పన్నిరని నాటి మేటినటుడు త్యాగరాజ భాగవతారును, హాస్యనటుడు యన్.యస్. కృష్ణనును పట్టుకొనిరి. 1945లో యావజ్జీవశిక్ష పడెను. 1944 దీపావళికి విడుదలైన 'హరిదాసు' చిత్రము బ్రాడ్వే సినిమాహాలులో మూడు దీపావళులు చూచెను. తెరమీద పాడుచున్న భాగవతారు మాత్రము చెఱలో నుండెను. వ్యాజ్యము లండనులోని ప్రీవీ కౌన్సిలు దాక బోయి, తుదకు 1947లో వారిరువురును నిర్దోషులుగ విడుదలైరి. హంతకు డెవరో నేటికిని తేలలేదు. భాగవతారునకు పూర్వవైభవము మఱల రాలేదు. 1959లో ఆయనయు నా పెద్దాసుపత్రిలోనే కన్నుమూసెను. ఇది తలచుకొని ఆ భవనము వంక చూచినప్పుడు మా నవ్వు కొంత తగ్గినది.

మధ్యాహ్నము మైలాపూరు చేరితిమి. లజ్ ప్రాంతమున నాగేశ్వరరావు పంతులుగారి పేర నొక పార్కు కలదు. పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగ బంచిపెట్టించెడివారట. పాట కుదరనినాడు మందున కంతకంటె తగిన చోటు వేఱొకటి కలదా! ఆ తలనొప్పి మందు సంపాదించిన ధనముతోనే 1908లో ఆంధ్రపత్రికయు, 1924లో భారతియు వెలసినవి. లోధ్ర యను స్త్రీల మందుచే పేరొందిన కేసరిగారు 1928లో గృహలక్ష్మిని స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణము లిచ్చి గౌరవించిరి. కావున ప్రకటనల నన్నింటిని దూషించుట మనకు తగదు. మన పత్రికలు పెక్కులు మందుసీసాల నీడననే పెరిగినవి. ఐతే ఉచితముగ బంచినవాడు "ముందు రాచి చూడుడు, తర్వాత కొనుడు" అనెను. నేటివారు "ముందు కొనుడు" అనుచున్నారు. తర్వాత మాటయే లేదు.

ఈ మాట అనగానే వదినగారు పార్కు బల్లమీద గూర్చుండి నిట్టూర్చిరి. "మీ ఇద్దరికే చెప్పుచున్నాను, ఇంటిలో మాత్రము అనకండి" అని మొదలుపెట్టిరి. ఫోనులో నొక తలనూనె ప్రకటన చూచిరట. వాడకముందు బొమ్మలో స్త్రీకి పలుచని జుట్టు, ఏడుపు మొగము, మాసిన గోడ. వాడిన తర్వాత బొమ్మలో నిడుద జడ, చిఱునవ్వు, క్రొత్త యిల్లు. రెండు సీసాల వెలకు మూడు సీసాలు. మూడు మాసములు రాచి, ప్రతి శుక్రవారము తలుపు మూసికొని జడను జానతో గొలిచిరట. జానయు పెరుగలేదు, జడయు పెరుగలేదు. ఇల్లు మాత్రము నూనెకంపు కొట్టెను. "ఎవరితో చెప్పుకొందును? నవ్వరా?" అనిరి.

సోదరీమణులారా, మాకు గుట్టు తెలిసినది ఆ బల్లమీదనే. ఇతరుల రచ్చ, నిజమో కాదో తెలియకయే, నలుగురితో చెప్పుదుము. మనము మోసపోయిన సంగతి, నిజమని తెలిసియు, ఎవరితోను చెప్పము. మొదటిది పుకారులవానికి జీతము; రెండవది నూనెవానికి జీతము. చట్టములు లేకపోలేదు. మాయమందుల ప్రకటనలను గూర్చిన చట్టము 1954లోనే వచ్చినది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ యను క్రీము గ్లో అండ్ లవ్లీగ మాఱినది. పేరు తెలుపు మానినది కాని మన పెండ్లిచూపులు తెలుపు మానలేదు. 2024లో పతంజలివారు పత్రికలలో క్షమాపణ ప్రకటింపగా, ఆ క్షమాపణ మీ మందుల ప్రకటనలంత పెద్దదిగా నున్నదా యని సుప్రీంకోర్టు అడిగినది. మా మట్టుకు మాకు ఆ ప్రశ్న బంగారు కంకణమునకు తగినది. గొప్పలకు పుట పుటంతయు, తప్పొప్పుకొనుటకు అగ్గిపెట్టెంత చోటును ఇచ్చు ఆచారము నూనెవారికే గాదు, మనకును కలదు.

తిరుగు బండిలో ఎదుటి బల్లమీది స్త్రీ లొక నటి విడాకులను గూర్చి గుసగుసలాడుచుండిరి. వదినగారు కొంతసేపు విని, గొంతు సవరించుకొని, తమ నూనె కథ నాదినుండి చెప్పిరి. నవ్వినవారు నవ్విరి. నవ్వు ముగియకముందే వారిలో నిద్దరు అవే మూడు సీసాలు తామును కొంటిమని యొప్పుకొనిరి. నటి మాట అంతటితో నాగిపోయెను. అక్కకూతురు ఫోను తీసి, వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915 అని అందరికిని వ్రాసియిచ్చెను. గూడూరు చేరునప్పటికి మువ్వురును ఫిర్యాదు చేసియుండిరి. వదినగారు ఆ రాత్రి చిన్న జడ వేసికొని, హాయిగ నిద్రపోయిరి.