పడదు

‘పడదు’ అన్నది చిన్న మాట. వంకాయ తింటే ఒళ్ళు దురదపెట్టినా, పాలు త్రాగితే కడుపు ఉబ్బినా, అత్తాకోడళ్ళకు పొత్తు కుదరకపోయినా మనం వాడే మాట అదొక్కటే. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న నేను ఈ ఒక్క మాటలోని అర్థభేదాలను గ్రంథాలలో నేర్చుకోలేదు. మా ఊరి చెరువుగట్టున నేర్చుకున్నాను.

మాది గుమ్మడిదల. 2016లో మండలకేంద్రమైంది గాని, నేను చెప్పబోయే 2006 నాటికి మెదక్ జిల్లా జిన్నారం మండలంలోని ఒక గ్రామం. ఆనాడు సద్దుల బతుకమ్మ. బతుకమ్మలను నీటిలో సాగనంపి స్త్రీలు సత్తు పంచుకుంటున్నారు. నువ్వుల సత్తు, పెసర సత్తు, పల్లీల సత్తు. పల్లీల సత్తును చూడగానే ఐదేళ్ళ మా అమ్మాయి చేయి వెనక్కు తీసుకున్నది.

“వద్దు నాన్నా, నోరంత గిచ్చినట్టయితది.”

ఇడ్లీలోకి పల్లీల పచ్చడి వేసినప్పుడు అంతకుముందు రెండుసార్లు ఆమె ఆ మాటే అన్నది. పెట్టినదానికి వంకలు పెట్టడాన్ని నేను సహించేవాడిని కాను. ప్రసాదాన్ని కాదనరాదని మందలించి, నా చేతితోనే ఒక ముద్ద నోటిలో పెట్టాను.

కొద్ది నిమిషాలలోనే పెదవులు ఉబ్బాయి. మెడ నిండా దద్దుర్లు లేచాయి. “దిష్టి తగిలింది బిడ్డా, ఇంటికి తోల్కరా, ఉప్పు మిరపకాయలు దిగదీస్త” అన్నది మా అమ్మ. కంపెనీల గాలి అన్నారు మరొకరు. ఆ అనుమానం ఊరికే పుట్టినది కాదు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల కాలుష్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వ్యవహారం. కాని ఆనాటి నేరం గాలిది కాదు, నా చేతిది. ఆటోలో ఆసుపత్రికి వెళ్ళే దారి పొడుగునా బిడ్డ ఊపిరి పిల్లనగ్రోవిలా కూత పెడుతూనే ఉన్నది.

వైద్యుడు తొడకు అడ్రినలిన్ సూది వేశాడు. ఊపిరి కుదుటపడిన తరువాత, “పాప ఇంతకుముందు ఏమైనా చెప్పిందా సార్?” అని అడిగాడు. నేను తల దించుకున్నాను. ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు ఏ ఋతువుకు తగిన భోజనం ఆ ఋతువులో అతిథులకు వడ్డించాడని ఏటా విద్యార్థులకు పాఠం చెప్పేవాడిని. ఇంట్లో పసిబిడ్డ చెప్పిన మాట నా చెవికెక్కలేదు.

పల్లీలోని మాంసకృత్తును శరీరంలోని రక్షణ వ్యవస్థ శత్రువుగా పొరబడి దానిపై తిరగబడుతుందని, దానికి చిటికెడు పిండి చాలునని ఆయన వివరించాడు. పాలలోని చక్కెర అరగక కడుపు ఉబ్బడం వేరు. అది బాధిస్తుందే గాని ప్రాణం మీదికి తేదు. ‘అలర్జీ’ అనే పేరును 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే పెట్టాడట. మనకు మాత్రం రెండూ ‘పడదు’లే!

ఆ తరువాత మా అజ్ఞానం రెండవ వైపుకు మళ్ళింది. ఎవరో చెప్పగా ఒక రక్తపరీక్ష చేయించాము. వచ్చిన చిట్టాను చూసి గ్రుడ్డు, పాలు, గోధుమ, కందిపప్పు అన్నీ మానిపించాము. బిడ్డ చిక్కి సగమైంది. పరీక్షలో కనిపించినదంతా అలర్జీ కాదని, ఇబ్బంది లేకుండా తింటున్నవాటిని ఎందుకు మాన్పించారని అదే వైద్యుడు మందలించాడు. కర్ణాటకలో పెద్దలపై జరిపి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని చదివినప్పుడు ఆయన మాట గుర్తుకు వచ్చింది. అందులో నూటికి ఇరవై ఆరుగురికి పైగా రక్తంలో ఏదో ఒక ఆహారానికి ప్రతిస్పందన కనిపించింది. నిజంగా అలర్జీ ఉండవచ్చని తేలినవారు నూటికి ఒకరికి కాస్త ఎక్కువ. 2015లో లండన్ పరిశోధకులు మరొక సంగతి వెల్లడించారు. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న 640 మంది పసివాళ్ళలో సగం మందికి మొదటి ఏడాది నుండే పల్లీ ఆహారం పెట్టారు, తక్కినవారికి పెట్టలేదు. ఐదేళ్ళు వచ్చేసరికి పల్లీ అలర్జీ తినిపించిన వారిలో చాలా తక్కువగా, దూరం ఉంచిన వారిలో ఎక్కువగా కనిపించింది. అలర్జీ వచ్చిన తరువాత మాత్రం అలా తినిపించి చూడడం ఇంట్లో చేయదగిన పని కాదు.

పాలు, గ్రుడ్డు అలర్జీలు చాలామంది పిల్లలకు పెరిగేకొద్దీ తగ్గుతాయి. పల్లీ అలర్జీ అంత సులభంగా వదలదు. మా అమ్మాయిని వదలలేదు. ఆమె ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది. ఎక్కడ ఏది పెట్టినా, “ఇందులో పల్లీలున్నాయా?” అని అడిగిన తరువాతనే తింటుంది.

దిష్టి తీయబోయిన మా అమ్మ, ఆ మరుసటి ఏటి నుండి రోలు కడిగి ముందుగా పెసర సత్తు దంచి మనుమరాలి గిన్నె వేరుగా పెట్టేది. పల్లీలు ముట్టుకున్న చేతితో ఆ గిన్నె దగ్గరికి వెళితే నన్నైనా సరే కసిరేది.