తలమీద గుడ్డ

పనిని బట్టి బట్టలు. ఇందులో పేచీ లేదు. వకీలుకి నల్లకోటు, నర్సుకి తెల్లబట్టలు. మరి శ్రీకాకుళంలో కేకులు చేసి ఇళ్లకి తీసుకెళ్లి ఇచ్చే ముస్లిం అమ్మాయికి ఏ బట్టలు?

మా ఆపా కూతురు నన్నడిగిన మాట ఇది. ఇంట్లోనే కేకులు చేస్తుంది, స్కూటీ మీద తనే పట్టుకెళ్తుంది. "మామూ, బుర్ఖాతో వెళ్లనా? ఓడ్నీ చాలా? అదీ తీసెయ్యమంటావా?"

శుభ్రం గురించే అయితే జవాబు తేలిక. ఉతికి ఇస్త్రీ చేసిన సల్వార్ కమీజ్. క్రీముకి తగిలే వదులు చేతులు వద్దు. ఓడ్నీ కొంగుకి పిన్ను పెట్టాలి, లేదంటే బండి చక్రంలో చుట్టుకుంటుంది. ఆ పూట అత్తరు మానాలి, వెన్నకి వాసనలు ఇట్టే పట్టేస్తాయి. వంటింటి యాప్రాన్ వంటింట్లోనే ఉండాలి. ఈ ఉక్కపోతకి నూలు బట్టే హాయి. నేతకి పేరుమోసిన పొందూరు పక్కనే ఉంది.

కానీ ఆమె అడిగింది శుభ్రం గురించి కాదు. ఏ బట్టలేసుకుంటే గుమ్మంలో తనని అనుమానంగా చూడరో చెప్పమంటోంది.

ఆహారం తయారుచేసేవాళ్లు జుట్టు కప్పుకోవాలని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలే చెబుతున్నాయి. హోటల్ వంటవాడి తలమీద తెల్లటోపీ ఉంటే అది శుభ్రత. మా పిల్ల తలమీద ఓడ్నీ ఉంటే అది మతం! విజయనగరంలో ఖాదర్ వలీ బాబా దర్గాకి వెళ్లే హిందూ అక్కచెల్లెళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు. అక్కడ అది భక్తి. గుడ్డ ఒకటే, చూసే కళ్లే వేరు.

"ఏటమ్మా, సాయిబులా మీరు? తెలుగు బాగా మాటాడతన్నావే!" అంటారు గుమ్మంలో. మెచ్చుకోలే, కాదనను. కానీ ఈ ఊళ్లో జామియా మసీదు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది 1641లో. ఇన్ని తరాల తర్వాత కూడా మా తెలుగు ఆశ్చర్యమేనా?

పోనీ, ఓడ్నీ తీసేస్తే గొడవ పోతుందా? 2019లో జబల్‌పూర్‌లో ఒకాయన, అన్నం తెచ్చేవాడు హిందువు కాదని జొమాటో ఆర్డరు రద్దు చేసుకున్నాడు. 2022లో హైదరాబాదులో ఒకరు ముస్లింని పంపొద్దని స్విగ్గీకి ముందే రాసి పంపారు. ఆ పని చేసే కుర్రాళ్లు తొడిగేది కంపెనీ చొక్కానే. చొక్కా మార్చినా పేరు మారదు కదా. 2024 మార్చిలో జొమాటో శాకాహారం మోసేవాళ్లకి ఆకుపచ్చ యూనిఫారం అని ప్రకటించి, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఎర్రచొక్కావాళ్లని కొన్ని ఇళ్ల సముదాయాల్లోకి రానివ్వరన్న భయంతో!

అందుకే మా పిల్లతో అన్నాను: "బేటీ, కేకు కోసం శుభ్రంగా తయారవు. నీ సుఖం కోసం నీకు నచ్చింది వేసుకో. ఎవరి అనుమానం కోసమో మాత్రం ఏదీ వేసుకోకు, ఏదీ తియ్యకు."

ఆమె బుర్ఖా వద్దనుకుంది, ఎండలో బండి నడపడం కష్టమని. లేతరంగు నూలు ఓడ్నీ ఉంచుకుంది, తనకి ఇష్టమని. రెండూ ఆమె నిర్ణయాలే. మా మౌల్వీ సాబ్‌లకీ, మా తరఫున మాట్లాడే సెక్యులర్ మిత్రులకీ ఈ ఒక్క మాట చెవినెయ్యాలని ఉంది.

ఇక కేకు తెప్పించుకునేవాళ్లకి. చేతులు చూడండి, గోళ్లు చూడండి, పెట్టె తెరిచి పిల్లాడి పేరులో దీర్ఘం తప్పిందేమో చూడండి. తప్పుంటే నిలదీయండి. అది మీ హక్కు. ఆమె తలమీద గుడ్డ మాత్రం మీ బిల్లులోకి రాదు.