పీత కన్నం

సంక్రాంతి సెలవులకి ద్రాక్షారామం వెళ్తే తాతయ్య అడిగారు, "కాలేజీలో ఏం చేస్తున్నావురా?" అని. "ఫ్యూజన్ రియాక్టర్‌లో ఫాస్ట్ అయాన్ లాస్ డిటెక్టర్..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం కదా, ఆ మాటలు తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగల్లేదు. తెలుగు రాకే అనుకున్నాను.

అప్పుడు చేను గట్టు మీద ఉన్నాం. దాళ్వా నాట్లు పడి ఎన్నో రోజులు కాలేదు. ఒకచోట నీళ్లు గట్టు కిందనుంచి బోదెలోకి కారిపోతున్నాయి. పీత కన్నం. తాతయ్య గడ్డీ మట్టీ కుక్కి కాలితో తొక్కారు.

సరే, అక్కణ్నించే చెప్పాను. ఫ్రాన్స్‌లో ఐటర్ అని పెద్ద రియాక్టర్ కడుతున్నారు, మన దేశానికీ అందులో వాటా ఉంది. డ్యుటీరియం, ట్రిటియం 15 కోట్ల డిగ్రీల వేడిలో కలిస్తే ఒక న్యూట్రాన్, ఒక ఆల్ఫా కణం పుడతాయి. న్యూట్రాన్‌ని ఆపలేం, పోతుంది. ఆల్ఫా మాత్రం తన 35 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినీ లోపలే ఖర్చుపెట్టి వేడిని నిలబెట్టాలి. దానికి గట్టు అయస్కాంత క్షేత్రం. గట్టు దాటితే వేడి తగ్గుతుంది, పైగా తగిలినచోట గోడ దెబ్బతింటుంది.

తప్పించుకున్నవాటిని పట్టే డిటెక్టర్ నాకు భలే నచ్చింది. గోడ దగ్గర చిన్న పెట్టె, దానికి సన్నటి చీలిక, లోపల కణం తగిలితే మెరిసే పలక. అయస్కాంత క్షేత్రంలో కణం గిరగిరా తిరుగుతుంది. శక్తి ఎక్కువైతే చుట్టు పెద్దది. ఐటర్‌లో కొత్తగా పుట్టిన ఆల్ఫాకి ఆ చుట్టు వ్యాసార్థం సుమారు 5 సెంటీమీటర్లు ఉండొచ్చు. చుట్టు సైజుని బట్టి పలక మీద వేరే వేరే చోట్ల పడుతుంది. ఆ మెరుపుని దూరంగా ఉన్న కెమెరా ఫొటో తీస్తుంది. ఫొటోలో అలుక్కుపోయిన మచ్చ చూసి శక్తి ఎంతో, ఏ కోణంలో వచ్చిందో వెనక్కి లెక్కకట్టడమే నా ప్రోగ్రాం పని. నిజం ఫొటోలు కాదులెండి, సిమ్యులేషన్‌వి.

తాతయ్య అంతా విని, "ఆ పెట్టె ఎన్నిచోట్ల పెడతారు?" అన్నారు.

"ఒకచోట."

"మరి పీత ఇంకోచోట కన్నం పెడితే?"

నోరు పెగల్లేదు. నా ఆఖరి స్లైడ్ మీద 'మొత్తం నష్టం' అని పెద్ద అంకె ఉంది. ఒక్క పెట్టెలో పడినదాన్ని గోడ వైశాల్యం మొత్తానికి హెచ్చవేసి తెచ్చిన అంకె. కణాలు గోడంతా సమానంగా పడతాయని ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. ఇంగ్లిష్‌లో రాసినప్పుడు ఆ మాట ఎంత బాగుందో, తెలుగులో చెబుతుంటే అంత డొల్లగా వినబడింది.

రాత్రి వెతికితే జర్మనీలో యాస్‌డెక్స్ అప్‌గ్రేడ్ అనే యంత్రానికి ఇలాంటివి ఐదు బిగించారని కనబడింది. ఐదూ వేరే వేరే చోట్ల. ఆ అంకె తీసేసి, 'ఈ ఒక్కచోట పడినవి' అని మార్చాను. ఫలితం సగానికి సగం చిన్నదైపోయినట్టు అనిపించి కొంచెం బాధేసింది కూడా.

తెల్లారి నేను లేచేసరికి తాతయ్య గట్టంతా చుట్టి వచ్చేశారు. ఇంకో రెండు కన్నాలు దొరికాయట.