సిల్లీ పాయింటు – కర్రీ పాయింటు

ఈ వార్షిక సంచికకు వ్యాసము కావలెనని సంపాదకవర్గ విద్యార్థులు అడిగినప్పుడు "ఏదైనా గంభీరమైన విషయము వ్రాయండి సార్" అని ఒక షరతు కూడ పెట్టినారు. మా సంచికలో గంభీర విషయములకు ఏనాడును కొరత రాలేదు. క్రమశిక్షణ, కాలము విలువ, గ్రంథాలయము వలన ప్రయోజనములు, వీని మీద మేమే తగినంత వ్రాసియున్నాము. తగినంత మంది చదువక విడిచియున్నారు. కావున ఈసారి మా అధ్యాపకుల గదిలో నిజముగా జరుగు చర్చలను గూర్చి వ్రాయదలచినాము. అవి ముఖ్యముగా మూడు: క్రికెట్టు, పార్సిల్, పంతులు పని. పాలకవర్గ పెద్దలు ఈ పుటలను తప్పక చదువుదురని మేమెరుగుదుము. అందుచేత మూడవ అంశమును జీతముల జోలికి పోనీయక జాగ్రత్తగా నడిపెదము.

మా కళాశాల సంగారెడ్డికిని పటాన్‌చెరువుకును నడుమ నున్నది. ఒక ప్రక్క 1972లో వెలసిన ఇక్రిశాట్ వారి జొన్న, కంది చేలు. మరియొక ప్రక్క పాశమైలారము పొగగొట్టములు. నడుమ రేయింబవళ్ళు లారీలు పరుగెత్తు రహదారి. ఇచ్చటి కుటుంబములకు తిథి వార నక్షత్రముల కంటె ఏ షిఫ్టు, బీ షిఫ్టు, సీ షిఫ్టు ముఖ్యము. విద్యార్థులలో సగము మంది ఇంట తెలుగు మాట్లాడుదురు, సగము మంది ఉర్దూ మాట్లాడుదురు, క్రికెట్టు ఆడునప్పుడు మాత్రము అందరును ఒక్క భాషయే మాట్లాడుదురు. అది ఏ భాషయో చెప్పుట కష్టము. "అరె, లెగ్ సైడ్ ఖాలీ ఉన్నది, నువ్వు డీప్‌కు పో" అను వాక్యములో ఇంగ్లీషెంత, ఉర్దూ ఎంత, తెలుగెంత అని ఏ వ్యాకరణ పండితుడు లెక్క తేల్చగలడు?

ఈ మాటలను వీరికెవ్వరు నేర్పినారు? మేము నేర్పలేదు. పాఠ్యప్రణాళికలో లేవు. గుంటెడు స్థలము, విరిగిన కుర్చీ, రబ్బరు బంతి, ఇంతే. ఆరేండ్ల పిల్లవాడు ఎల్బీడబ్ల్యూ అని అరచును. ఆ మూడక్షరముల విస్తరణ వాడెరుగడు గాని, న్యాయమునకై వాడు చేయు పోరాటము హైకోర్టు వకీలుకును సాధ్యము కాదు. గల్లీ అను మాటయే చూడుడు. ఇంగ్లీషు వారి గల్లీ స్లిప్పునకును పాయింటునకును నడుమ నుండు ఫీల్డరు స్థానము. మన గల్లీ ఇంటిముందరి సందు. మా విద్యార్థులకు రెండును ఒక్కటే, ఏలయన సందులో ఆడునప్పుడు ఫీల్డరు ఎచ్చట నిలిచినను గల్లీలోనే యుండును.

స్లిప్పు సంగతి మరింత సున్నితమైనది. మైదానములో మొదటి స్లిప్పు, రెండవ స్లిప్పు అని నిలుచుందురు. పరీక్షా మందిరములో స్లిప్పులు జేబునందును, చొక్కా మడతయందును నిలుచును. రెండింటను పట్టుకొనువానికి చురుకైన కన్నులు కావలెను. తప్పిపోయిన క్యాచ్‌ను గూర్చి రెండింటను చాలకాలము చెప్పుకొందురు. ఇక రీవాల్యుయేషన్‌కు రుసుము కట్టు విద్యార్థి రెండు చేతులతో ఆంగ్లాక్షరము 'టి' ఆకృతి చూపి రివ్యూ కోరు బ్యాటరు వంటివాడు. (బ్యాట్స్‌మన్ అను మాటను 2021లో ఎంసీసీ వారు నిబంధనల నుండి తొలగించి బ్యాటర్ అని మార్చినారు. మా విద్యార్థినులు ఈ మార్పును మాకంటె ముందుగా గుర్తించి, తరగతిలో మమ్ము సరిదిద్దినారు.)

అన్నింటిలో మాకు ప్రియమైనది పాయింటు. క్రికెట్టులో పాయింటు, బ్యాక్‌వర్డ్ పాయింటు, సిల్లీ పాయింటు అని మూడున్నవి. మా ప్రాంతమున నాల్గవది కలదు. అది కర్రీ పాయింటు. కర్రీ పాయింటు ఎరుగని పాఠకులు ఈ తెలుగు దేశమున ఉండరు గాని, దాని వెనుకనున్న లెక్కను ఆలోచించినవారు తక్కువ. భర్త బీ షిఫ్టునకు పోవును, భార్య ప్యాకింగు పనికి పోవును, కొడుకు కళాశాల నుండి వచ్చి కుక్కరులో అన్నము పెట్టును. అన్నము వండుట సులభము. కూరకు తరుగుట, తాళింపు, కనిపెట్టుకొని యుండుట కావలెను. కనుక అన్నము ఇంటిది, కూర పాయింటుది. పప్పొకటి, వేపుడొకటి, సాంబారొకటి సన్నని కవర్లలో ముడివేసి యిత్తురు. ఆ ముడి వేయు నేర్పును చూచి మా గణితశాఖ మిత్రులు ఆశ్చర్యపడుచుందురు. కొనువారు "భయ్యా, ఎక్స్‌ట్రా కవర్ ఇయ్యి" అందురు. ఎక్స్‌ట్రా కవరు కూడ క్రికెట్టు మాటయేనని గుర్తుచేసినచో కూరలు పొట్లము కట్టు వ్యక్తి నవ్వడు. వెనుక వరుస పొడవుగా నుండును.

బిర్యానీ పార్సిల్‌లో లెగ్ పీసు రానిచో కలుగు దుఃఖము ఫైన్ లెగ్‌లో క్యాచ్ జారవిడచిన దుఃఖము కంటె పెద్దది. ప్లేటు కంటె పార్సిల్‌లో ఎక్కువ వచ్చునను నమ్మకము మా జిల్లాలో అన్ని మతములవారికిని ఉమ్మడి విశ్వాసము. ఆ పార్సిల్ అను మాటను కూడ గమనింపుడు. అది తపాలా కార్యాలయపు మాట. లక్క ముద్ర వేసి, దారము కట్టి, దూరదేశమునకు పంపు మూట దాని అసలు అర్థము. లండనులో టేక్‌అవే అందురు, అమెరికాలో టేకౌట్ అందురు. మనవారు ఆ రెండింటిని ప్రక్కకు నెట్టి, తపాలావారి మాటను తెచ్చి హోటలులో పెట్టినారు. ఇరానీ చాయిని సైతము పార్సిల్ చేసి, రబ్బరు బ్యాండు వేసి, ఉయ్యాలవలె ఊపుకొనుచు తెచ్చు జాతి మనది.

పార్సిల్ మాట వచ్చినది కనుక మా వృత్తిని గూర్చి ఒక ముక్క చెప్పవలెను. జనవరి గడచినదో లేదో, "సార్, ఇంపార్టెంట్ ప్రశ్నలు ఇయ్యుండ్రి" అని మొదలగును. పాఠము కూర్చుండి తినుట కాదు, కట్టించుకొని పోవుట. గైడు, టెస్టు పేపరు, ప్రశ్నల నిధి, అన్నియు పార్సిళ్ళే. పెద్దలు దీనిని నిందింతురు. మేము అంత తొందరగా నిందింపలేము. రాత్రి పది గంటల వరకు గోదాములో పెట్టెలు మోసి, ఉదయము తొమ్మిదిన్నరకు మొదటి పీరియడునకు వచ్చి కూర్చుండు పిల్లవానికి తీరికగా భుజింపుమని ఉపదేశించుట తేలిక. వానికి పార్సిలే దిక్కు. మా బాధ వేరొకటి. పార్సిల్ విప్పిన తరువాత లోపలి పదార్థము పేరు వానికి తెలియదు.

ఇచ్చట కొంత చరిత్ర చెప్పక తప్పదు. మన హైదరాబాదు రాజ్యమున 1917లో దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ ఏర్పడినది. మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు దానికి తొలి అధిపతి. మరుసటి సంవత్సరము ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపన జరిగినది. వైద్యము, ఇంజనీరింగు కూడ ఉర్దూలో బోధించుటకై అచ్చటి పండితులు శాస్త్ర పదములను వేల సంఖ్యలో నిర్మించినారు. 1948 తరువాత ఆ మాధ్యమము ఇంగ్లీషునకు మారినది. 1968లో పి.వి. నరసింహారావు గారి అధ్యక్షతన తెలుగు అకాడమి ఏర్పడి, అదే శ్రమను తెలుగులో చేసినది. ఉర్దూలో కషిష్-ఎ-సఖల్, తెలుగులో గురుత్వాకర్షణ. ఉర్దూలో జియాయి తాలీఫ్, తెలుగులో కిరణజన్య సంయోగక్రియ. మహానుభావుల కష్టము. మేము వారికి నమస్కరింతుము. అయినను నిజము చెప్పవలెను: ఎల్బీడబ్ల్యూకు అరచిన పిల్లవాడే ఈ మాటల ముందు నోరు మూసికొనును. 2022–23 నుండి ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మాధ్యమము వచ్చిన పిమ్మట ఆ మాటల స్థానమున వేరు మాటలు వచ్చినవి గాని, మూసిన నోరు తెరచుకొనలేదు.

మా భౌతికశాస్త్ర మిత్రులకు జరిగిన సంగతి వినుడు. ఘర్షణ అనగానేమి అని అడుగగా ఒక విద్యార్థి "రెండు వర్గాల మధ్య జరిగేది సార్, పోలీసులొస్తరు" అని చెప్పినాడు. వానిని తప్పు పట్టరాదు. వార్తాపత్రికలలో ఆ మాటకు అదియే అర్థము. ఉర్దూలో ఏమందురని అడుగగా వెనుక బల్ల నుండి "రగడ్" అని వచ్చినది. తెలుగు పిల్లలు "రగడ" అని విని మరల పోలీసులనే తలచినారు. మిత్రులు పుస్తకము మూసి, మరునాడు ఒక క్రికెట్టు బంతిని తెచ్చినారు. పొడి నేల మీద తిప్పి వేసినారు. బంతి ప్రక్కకు తిరిగినది. నీళ్ళు చల్లిన బండ మీద వేసినారు, తిరుగక జారిపోయినది. "రాత్రి మ్యాచులో మంచు పడితే స్పిన్నర్లు ఎందుకు మొత్తుకుంటరు?" అని అడిగినారు. నలుబది మంది ఒక్కసారిగా సమాధానము చెప్పినారు. "ఆ పట్టుకే ఘర్షణ అని పేరు. రగడ్ అన్నా అదే" అని వారు చెప్పునప్పటికి మాట కంటె ముందు వస్తువు వచ్చి కూర్చుండియున్నది. మైదానములోను, హోటలులోను ఎప్పుడును ఈ వరుసయే. ముందు బంతి వచ్చును, పిమ్మట గూగ్లీ అను పేరు వచ్చును. తరగతిలో మాత్రము మేము పేరును ముందు పంపి, వస్తువును రెండు నెలల తరువాత ప్రయోగశాలలో, అదియు పరికరము పనిచేసినచో, చూపుచుందుము.

ఉర్దూ శాఖ మిత్రులకు ఈ విషయమున కొంత గర్వము కలదు. పాకిస్తాను బౌలరు సఖ్లైన్ ముష్తాఖ్ వేసిన బంతికి దూస్రా అను పేరు స్థిరపడి, చివరకు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు నెక్కినది. "పంతులుగారూ, చూచినారా? ఏ దారుల్ తర్జుమా లేకుండనే ఇంగ్లీషువాడు మా మాట తీసుకొన్నాడు" అందురు. "జనాబ్, అది మాకును రెండవదే" అని మేము సమాధానపడుదుము.

మేము తెలుగు బోధించువారము; బంతి తెచ్చుటకు మాకు వీలులేదు. కాని సమాసములు చెప్పునప్పుడు క్రికెట్టును వాడుకొందుము. బ్యాటును బాలును, ద్వంద్వము. కర్రీ యొక్క పాయింటు, షష్ఠీ తత్పురుషము. సిల్లీయైన పాయింటు, విశేషణ పూర్వపద కర్మధారయము. ఒకనాడు నైట్ వాచ్‌మన్ అను మాటను ఇచ్చి, రాత్రియందు వాచ్‌మన్, సప్తమీ తత్పురుషము అని చెప్పి, దాని క్రికెట్టు అర్థమును కూడ వివరించినాము. సాయంకాలము వెలుతురు తగ్గు వేళ మంచి బ్యాటరును కాపాడుటకై బలి పశువువలె పంపబడు చివరి వరుస ఆటగాడు. ఆ పశువులు అప్పుడప్పుడు తిరుగబడునని కూడ చెప్పినాము: 1979లో బొంబాయిలో ఆస్ట్రేలియా మీద సయ్యద్ కిర్మానీ అట్లు వెళ్ళి 101 పరుగులతో అజేయముగా నిలిచినాడు, 2006లో చిట్టగాంగులో జేసన్ గిలెస్పీ తన పుట్టినరోజున 201 పరుగులు చేసి, అతడును అజేయముగా నిలిచినాడు.

జూన్ నుండి ఒక్క మాటయు పలుకని విద్యార్థి ఒకడు చివరి బల్ల నుండి లేచినాడు.

"సార్, మా నాయిన గూడ నైట్ వాచ్‌మనే. పాశమైలారంల. కని ఆయనకు పొద్దుగాల ఆరింటికి డ్యూటీ అయిపోతది. క్రికెట్ల నైట్ వాచ్‌మన్‌కు అసలు డ్యూటీ పొద్దుగాల్నే మొదలైతది గద?"

ఇంత మంచి భేదమును ఏ క్రికెట్టు వ్యాఖ్యాత చెప్పగా మేము వినలేదు. తరగతి ఒక క్షణము నిశ్శబ్దమైనది. ముందు బల్ల నుండి ఒక అల్లరివాడు "మరి మీ నాయిన సెంచరీ కొట్టిండారా?" అని అడిగినాడు. మేము మందలింపబోవునంతలో ఆ విద్యార్థియే నవ్వుచు చెప్పినాడు:

"పదిహేనేండ్ల సంది నాటౌటే."

ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో మేమును ఉన్నాము. ఆ పిల్లవాడు తరువాత తరగతిలో మాట్లాడుట మానలేదు; కొన్నిసార్లు ఆపవలసి కూడ వచ్చినది. సప్తమీ తత్పురుషమునకు పరీక్షలో అతడు వ్రాసిన ఉదాహరణ ఏదియో చెప్పనక్కరలేదు.

ఈ సంవత్సరము కళాశాల వార్షికోత్సవపు ఆటలకు వ్యాఖ్యానము తెలుగునందును ఉర్దూనందును జరుగవలెనని నిర్ణయమైనది. మాటల పట్టిక తయారు చేయు భారము ఉర్దూ మిత్రుల మీదను మా మీదను పడినది. సాయంత్రము కూర్చుంటిమి. ఫుల్ టాస్ దాటినాము. మెయిడెన్ ఓవరు వద్ద కన్యకను తెచ్చుటకు ఇరువురమును ఒప్పుకొనక, పరుగులేని ఓవరు అని సరిపెట్టినాము. సిల్లీ పాయింటు వద్ద బండి నిలిచిపోయినది. మేము "వెర్రి బిందువు" అన్నాము. వారు "అహ్మఖానా నుఖ్తా" అన్నారు. ఒకరి మాటకు ఒకరము చాలసేపు నవ్వుకొన్నాము; ఎవరి మాటను వారు విడువలేదు.

ఆ సమయమున మేము తెప్పించిన బిర్యానీ వచ్చినది. తెచ్చిన యువకుడు హెల్మెట్టు తీయగా చూచితిమి, మా రెండవ సంవత్సరపు విద్యార్థియే. "అరె, మీరేనా సార్!" అని నమస్కారము పెట్టినాడు. మిత్రులు "బేటా, కూర్చో, కొంచెము తిను" అన్నారు గాని అతడు కూర్చుండలేదు. ప్రశ్న మాత్రము అతనినే అడిగినాము.

"బ్యాటర్ ముక్కు ముంగట నిలబడేటోడు సార్. బాల్ మూతికి తగుల్తదని తెలుసు, అయినా నిలబడ్తడు. గందుకే సిల్లీ."

"అర్థము సరే నాయనా, మాట ఏమి పెట్టవలెను?"

"సిల్లీ పాయింటే సార్. అందరికి తెలుసు గద." అని ఫోను చూచుకొని, "ఓటీపీ చెప్పుండ్రి సార్, ఇంక రెండు ఆర్డర్లున్నయి" అన్నాడు.

చెప్పినాము. అతడు వెళ్ళినాడు. సాలన్ కవరు ముడి విప్పునప్పుడు ఒక చుక్క పట్టిక మీద పడినది. అది సరిగ్గా తమ నుఖ్తా మీదనే పడినదని మిత్రులు నేటికిని వాదించుచున్నారు.