ఇరాన్‌షాహ్ పరిచారకులు

గుజరాత్ సముద్రతీరమునందలి ఉద్వాడ గ్రామమున అర్ధరాత్రము దాటిన పిమ్మట ఒక అర్చకుడు కాలుసేతులు కడుగుకొని, నడుమునందలి కుస్తీని విప్పి మరల కట్టుకొని, తన శ్వాస సోకి అగ్ని మైలపడకుండుటకై ముక్కును నోటిని తెల్లని పదాన్‌తో కప్పుకొని, గర్భగృహమున ప్రవేశించును. మంచిగంధపు చెక్కలను సింహాసనాకృతిగా అగ్నిపై పేర్చును. దుష్ట చింతనమును, దుష్ట వాక్కును, దుష్ట కర్మమును తరుమగొట్టు పదముల నుచ్చరించుచు గంట మ్రోగించును. ఈ పరిచర్య దినమునకు ఐదు మారులు జరుగవలెను. 1742లో ఉద్వాడ చేరిన ఈ అగ్నిని పారసీకులు ఇరాన్‌షాహ్ అందురు. అది వారికి రాజు. అర్చకుడు రాజునకు కొలువు చేయు సేవకుడు.

ఈ అర్చకుల ప్రాచీన నామము అవెస్తాలో ఆథ్రవన్. వైదికమైన అథర్వన్ శబ్దముతో దీనికి గల చుట్టరికము స్పష్టము. జఓతర్ మన హోత, హఓమ సోమము, యస్న యజ్ఞము. భాషాధ్యయనపరులకు ఇవి క్రొత్తవి గావు. కాని ఆథ్రవన్ శబ్దమును అగ్నివాచకమగు ఆతర్ నుండి పుట్టించుట వినుటకు ఇంపుగా నున్నను, అథర్వన్‌తో పోల్చి చూచునపుడు ధ్వనుల లెక్క సరిపడదు. పలువురు పండితులు దీనిని శంకించిరి. అగ్ని శబ్దమే అవెస్తాలో దేవతానామముగా కానరాకుండుట ఇంకొక వింత. వస్తువు ఒకటే, పేరు మాత్రము రెండు ఇండ్లలో రెండు విధములయ్యెను.

పూర్వము యస్నమునకు ఎనమండుగురు ఋత్విక్కు లుండెడివారు. హఓమమును దంచువాడు హావనన్, అగ్నిని పెంచువాడు ఆత్రవఖ్ష్, నీరు తెచ్చువాడు ఆబెరెత్, కడుగువాడు ఆస్నతర్. ఇట్లు ఒక్కొక్కనికి ఒక్కొక్క పని. ఋగ్వేదము నందలి ఋత్విక్కుల పట్టికలో అగ్నీధుని చూచినవారికి ఆత్రవఖ్ష్ పరిచితుడువలెనే తోచును. నేడు ఆ పనులన్నియు జోతి, రాస్పి అను ఇద్దరికే సంక్రమించినవి. ఎనిమిది స్థానములు మాత్రము క్రతుభూమిలో ఇంకను నిలిచియున్నవి. రాస్పి తగిన ఘట్టమున ఒక్కొక్క చోట నిలిచి, లేని ఆ అర్చకుల పక్షమున బదులు పలుకును.

ఇంతటి సామ్యమున్నను భేదము చిన్నది కాదు. వైదికునికి అగ్ని దేవతలకు హవిస్సును కొనిపోవు దూత. పారసీక అర్చకునికి అగ్ని వాహకము గాదు, అదియే గౌరవపాత్రము. ఎండిన శుద్ధమైన కట్టెయే దానికి ఆహారము. శవమును అగ్నిలో వైచుట వారి దృష్టిలో మహాపాపము. పరులు ‘అగ్నిపూజకులు’ అని పెట్టిన పేరును వారు ఒప్పుకొనరు. తాము పూజించునది అహుర మజ్దాను. అగ్ని ఆయన ప్రతీక మాత్రమే యని వారి వాదము. పెద్ద అగ్నియగు ఆతష్ బెహ్రామ్ ప్రతిష్ఠకు పదునారు విధములగు అగ్నులను సేకరించి మరల మరల శుద్ధి చేయుదురు. వానిలో పిడుగు వలన పుట్టిన అగ్నియు, చితాగ్నియు సైతము కలవు. మైలయని తొలగించిన దానినే శుద్ధి చేసి గర్భగృహమునకు చేర్చుటలో ఆ మతము యొక్క ఆంతర్యము వారి గ్రంథములకంటె స్పష్టముగా గోచరించును.

అర్చకత్వము వంశానుగతము. బాలుడు యస్నము నందలి డెబ్బదిరెండు అధ్యాయములను కంఠస్థము చేసి, తొమ్మిది రాత్రుల బరష్నూమ్ శుద్ధి పొంది, నావర్ అను దీక్ష గైకొనును. అర్థము చాల కాలము మరుగున పడియుండెను. శబ్దము మాత్రము చెడకుండ నిలిచినది. నైర్యోసంఘ ధవళుడు వీని భాగములను సంస్కృతమునకు అనువదించుట ఈ దేశమునకు మిక్కిలి ప్రీతికరమగు విషయము. అవెస్తా అర్థము సంస్కృతమును ఆశ్రయించి కొంత నిలిచినది. 1755లో భారతదేశమునకు వచ్చిన ఆంక్వెతిల్ ద్యుపెరోఁ సూరత్‌లో దస్తూర్ దారాబ్ వద్ద చదివి, 1771లో ఫ్రెంచి అనువాదమును ప్రకటించెను. గురువు ఈ అర్చకులలోని వాడే యన్న సంగతిని ఐరోపా పాఠకులు త్వరగా మరచిరి.

ఈ అర్చకులు ఋషులు గారు, హక్కులకై కలహించినవారే. సంజానా అర్చకులు ఇరాన్‌షాహ్‌ను నవసారికి తెచ్చిన పిమ్మట, అచటి భగారియా అర్చకులకును వారికిని క్రతువుల సంపాదన విషయమున పోరు సాగినది. తుదకు సంజానాలు అగ్నిని తీసికొని వెడలిపోయిరి. నవసారివారు 1765లో తమకు వేరొక ఆతష్ బెహ్రామ్‌ను ప్రతిష్ఠించుకొనిరి. కలహ మొకటి లేకున్న ఆ రెండవ అగ్ని ఉండెడిదో లేదో.

నేడు చిక్కు వేరొకటి. 1941లో లక్షకు పైబడిన పారసీకులు 2011 జనాభా లెక్కలలో 57,264 మంది మాత్రమే. దాదర్‌లోని అథోర్నాన్ విద్యాలయమున బాలురు నేటికిని చదువుచున్నను, అర్చకుని కొడుకునకు వేరొక ఉద్యోగమున లభించు జీతము మందిరమున లభించదు. పలువురు నావర్ పొంది, వారపు సెలవునాడు మాత్రమే అర్చకులగుదురు. ఇరాన్‌లో 2011లో మోబెద్‌ల సంఘము కొందరు స్త్రీలకు మోబెద్‌యార్ పదవి నొసగినది. భారతదేశమున మాత్రము పురుషుడే, అర్చకుని వంశమున పుట్టినవాడే కావలెను. ఉద్వాడలో తొమ్మిది కుటుంబములవారు వంతుల వారీగా ఇరాన్‌షాహ్‌ను సేవింతురు. అర్ధరాత్రపు గంట ఒక్క పూటయు తప్పరాదు.