నల్లబడే చక్రాలు, ఓ పత్తి ట్రాక్టరు

నాకో జబ్బుంది. ఆదివారం పొద్దున్నే బకెట్టు, గుడ్డ పట్టుకుని కారు చక్రాలు తుడుచుకుంటూ కూర్చుంటాను. ఏళ్ళతరబడి ఆశపడి సెకండ్ హ్యాండులో కొనుక్కున్న జర్మన్ స్పోర్ట్స్ కారు మరి. పేరెందుకు లెండి. ఆదివారం తళతళలాడిన వెండిరంగు చక్రాలు బుధవారానికల్లా కుంపట్లోంచి తీసినట్టు తయారవుతాయి. ముందు రెండూ మరీను. హైదరాబాదు ట్రాఫిక్కులో నిమిషానికి నాలుగుసార్లు బ్రేకు తొక్కితే ఇంకేమవుతాయి!

ఆ మసి అంతా బ్రేకు ప్యాడ్ల పొడే అనుకునేవాణ్ణి. సగమే నిజం. యూరప్ కార్లకి కంపెనీ నుంచి వచ్చే ప్యాడ్లలో సాధారణంగా ఉక్కు నార, గరుకు పదార్థాలు ఎక్కువ. అవి డిస్కుని గీరి ఆపే రకం. డిస్కేమో పోత ఇనుము. కాబట్టి చక్రానికి అంటుకునేదాంట్లో డిస్కు నుంచి రాలిన ఇనుమూ బోలెడు ఉంటుంది. తడి తగిలితే అది తుప్పు రంగుకి తిరిగేది అందుకే. సెరామిక్ అని అమ్మే తక్కువ దుమ్ము ప్యాడ్ల పద్ధతి వేరు. అవి తమ పదార్థాన్నే డిస్కు మీద పల్చటి పొరలా పూసి, ఆ పొర మీద రుద్దుకుంటూ ఆపుతాయి. గీరుడు తక్కువ, పొడీ తక్కువ. రాలే ఆ కాస్తా లేత రంగు కాబట్టి కంటికి ఆనదు.

ఇంత చదివాక ఆగుతానా? చవగ్గా దొరికిన తక్కువ దుమ్ము సెట్టు ఒకటి తెప్పించి, మా వీధి చివర షాపులో వేయించేశా. "డిస్కులు బానే ఉన్నాయి సార్, మార్చక్కర్లేదు" అన్నాడు షాపతను. నేనూ తల ఊపాను. రెండు వారాలు చక్రాలు మెరిశాయి. మా ఆవిడ కూడా గమనించిందంటే చూసుకోండి.

ఫిబ్రవరిలో ఊరెళ్ళాను. మాది పర్చూరు పక్కన పల్లెటూరు. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళిందిగానీ మా నాన్న నోట్లో ఇప్పటికీ ప్రకాశమే. ఆ రోజు ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఉన్నారు, కాయలు అమ్మకానికి తెచ్చి. సాయంత్రం అక్కడికే వెళ్ళి ఎక్కించుకున్నా. యార్డులోంచి వచ్చిన మనిషి ఏసీ కార్లో పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు ఒకటే తుమ్ములు. ఆయన మాత్రం తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఈసారి తేమ పేరు చెప్పి రేటు ఎట్టా కోశారో చెప్పుకుంటూ వచ్చారు.

చిలకలూరిపేట దాకా హైవే. ఆ ముప్పావుగంటా బ్రేకుతో పెద్దగా పని పడలేదు. పేట దగ్గర పర్చూరు రోడ్డెక్కేసరికి చీకటి పడిపోయింది. ఎదురుగా లారీ ఫుల్ లైట్లతో వస్తోంది. అది దాటగానే నా ముందు ట్రాక్టరు. తోకలైటు లేదు, రేడియం ముక్క కూడా లేదు. పత్తి బోరాలు ట్రక్కుకి రెండు వైపులా పొట్టలా పొంగి రోడ్డంతా ఆక్రమించాయి. నేను ఎనభైలో ఉన్నా. ఎప్పుడూ నొక్కినట్టే బ్రేకు నొక్కాను. కారు నింపాదిగా "చూద్దాంలే" అన్నట్టు నెమ్మదించింది. అప్పుడు లేచి నిలబడ్డంత పనిచేసి తొక్కితే ఏబీఎస్ గడగడలాడింది. ఆగాం. బానెట్టుకీ బోరాలకీ మధ్య మూరెడు ఉందేమో. నాన్న చెయ్యి డాష్‌బోర్డు మీద ఉంది. ఇంటికెళ్ళేదాకా మళ్ళీ మిర్చి రేటు ఊసెత్తలేదు.

ఆ రాత్రి నిద్రపడితేనా! లెక్క కట్టుకున్నా. ఎనభైలో పోతున్న బండి వేగం సెకనుకి 8 మీటర్ల చొప్పున తగ్గితే ఆగడానికి 31 మీటర్లు కావాలి. ఆ 8 కాస్తా 6 అయితే 41. పది మీటర్లంటే ట్రాక్టరూ దాని ట్రక్కూ కలిపినంత. ఏమాటకామాటే, గట్టిగా తొక్కితే ఆ ప్యాడ్లూ ఆపుతాయి, ఆపాయి కూడా. కానీ నా కాలు పాత ప్యాడ్ల లెక్కలో నొక్కింది. లైబ్రరీ మార్చేసి, టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్లో పెడితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

మర్నాడు గుంటూరు ఆటోనగర్లో చక్రాలు విప్పించాను. ప్యాడు వెనక ముద్రించిన అంకెల చివర రెండు అక్షరాలుంటాయి చూడండి, అమెరికా ఎస్ఏఈ వాళ్ళ లెక్క అది. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. ఈ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే ఆ పైన 0.55 దాకా. నావి ఈఈ. చిన్న ముక్క మీద చేసే పరీక్ష కాబట్టి అదొక్కటే ప్రమాణం కాదు గానీ, కొనేముందు నేను చూసింది చక్రాల ఫోటోలే తప్ప ఆ అక్షరాలు కాదు.

మెకానిక్ డిస్కు అంచు మీద వేలు పెట్టి చూపించాడు. అరిగి గట్టు కట్టింది. పాత ప్యాడ్ల మరకలు ఇంకా దాని మీదే ఉన్నాయి. కొత్తవి తమ పొర పూసుకోవాలంటే డిస్కు శుభ్రంగా ఉండాలి, పైగా మొదట్లో అరవై నుంచి పదికి పదిసార్లయినా పూర్తిగా ఆపకుండా తగ్గిస్తూ వాటిని పదును పెట్టాలి. నేను రెండూ చెయ్యలేదు. అంటే తప్పంతా ప్యాడ్లదే కాదన్నమాట. "అరక్కుండా ఆగాలంటే ఎట్టా అన్నా?" అన్నాడు అతను, నవ్వుతూ.

చివరికి ఎఫ్ఎఫ్ ఉన్న సెరామిక్ ప్యాడ్లు, కొత్త డిస్కులు తెప్పించి వేయించా. చిల్లుల డిస్కులు ఊరించాయి గానీ వద్దనుకున్నా. చిల్లుల దగ్గర పగుళ్ళొస్తాయి, గాట్ల డిస్కులైతే ప్యాడ్ని గీరి దుమ్ము ఇంకా పెంచుతాయి. సాదా డిస్కు, దాని మీద పోసిన కనీస మందం అంకె గుర్తుపెట్టుకుంటే మన రోడ్లకి చాలు. రేస్ ట్రాకు మీద తిప్పేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు మసి భరించాల్సిందే. డబ్బుంటే పోర్షె వాళ్ళు 2017లో కయెన్‌తో తెచ్చినట్టు టంగ్‌స్టన్ కార్బైడ్ పూత డిస్కులున్నాయి. దుమ్ము 90 శాతం దాకా తగ్గుతుందని వాళ్ళ మాట. మనకా యోగం లేదు.

దుమ్ము గురించి పట్టించుకోవడమే పిచ్చి అని మాత్రం అనను. 2024లో ఖాయమైన యూరో 7 నిబంధనల్లో మొదటిసారి బ్రేకు పొడికీ హద్దు పెట్టారు, మామూలు కార్లకి కిలోమీటరుకి 7 మిల్లీగ్రాములు, బ్యాటరీ కార్లకి 3. కాలిఫోర్నియా వాళ్ళు 2010లోనే ప్యాడ్లలో రాగి తగ్గించాలని చట్టం చేశారు, వాన నీళ్ళతో కొట్టుకుపోయి చేపలకి హాని చేస్తోందని. పీల్చేవాళ్ళ కోసం దుమ్ము తగ్గించడం వేరు, నాలాగా చక్రాల అందం కోసం తగ్గించడం వేరు.

మొత్తం ఖర్చు విని నాన్న నోరు తెరిచారు. "చక్రాల మీద దుమ్ముకాడికి ఇంతా ఏందిరా? యార్డులో మేం పీల్చేది రోజూ ఎంతనుకున్నావు?" అన్నారు. తిరుగు ప్రయాణంలో బస్టాండు దాకా దింపుతానంటే మాత్రం కాసేపు ఆలోచించి, ముందు మా ఊరి చెరువుకట్ట మీద రెండుసార్లు బ్రేకు కొట్టించి చూసి, అప్పుడు ఎక్కారు.