తపతీ తీరాన మా ఆదివారాలు

రేయింబవళ్లు నడిచే కర్మాగారాలలో ఉద్యోగం చేసేవారికి ఆదివారమనేది అపురూపమైన వస్తువు. యంత్రానికి వారం లేదు, వర్జ్యం లేదు. ‘ఏ’ షిఫ్టు ముగించుకుని ఇల్లు చేరేసరికి ఇంటివారి భోజనాలు పూర్తయి ఉంటాయి. ‘సి’ షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే పిల్లలు పగలంతా మునివేళ్లపై నడవవలసి వస్తుంది. అందుచేత మన టౌన్‌షిప్పులో ఎవరైనా ఆదివారపు షికారును గురించి మాట్లాడితే అది విలాసం కాదని సహోద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. సుమారు ఏడాదిన్నరగా మేము సూరత్ నగరంలోనూ, పరిసరాలలోనూ గడుపుతున్న ఆదివారాలను గురించి, అవి మాకు అంత ముఖ్యమైన కారణాన్ని గురించి నాలుగు మాటలు పంచుకోవాలని ఈ ప్రయత్నం.

మా ఇంట్లో ఐదుగురం. మేమిద్దరం, అబ్బాయి, కోడలు, వారి బిడ్డ బుజ్జి. అబ్బాయి, కోడలు ఇద్దరూ ఉద్యోగస్థులు. గత సంవత్సరం వేసవిలో బుజ్జికి రెండేళ్లు నిండాయి. ఆ వయసుకు పిల్లలు యాభై మాటల దాకా పలుకుతారనీ, రెండేసి మాటలు కలిపి చెబుతారనీ వైద్యులు అంటారు. మావాడికి వచ్చినవి ఐదే మాటలు. కావలసిన వస్తువు దగ్గరకు మన చేయి పట్టుకుని లాక్కుపోయేవాడు. చెప్పినదంతా అర్థం చేసుకునేవాడు, చక్కగా నవ్వేవాడు, కాని నోరు విప్పేవాడు కాదు.

ఇటువంటి సందర్భంలో బంధువర్గం ఊరుకుంటుందా? ‘మీ వంశంలో మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అని ఒకరు ధైర్యం చెప్పారు. ‘ఇంట్లో తెలుగు, ఆయాతో గుజరాతీ, ఆటస్థలంలో హిందీ, అమ్మానాన్నల ఫోనులో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పసివాడు ఏం చేస్తాడు? తెలుగు మానేసి హిందీ ఒక్కటే మాట్లాడండి’ అని మరొకరు సలహా ఇచ్చారు. ఒక శిశు పాఠశాలవారు ‘మాటలు వచ్చాక తీసుకురండి’ అని మర్యాదగానే తిప్పి పంపారు. ఆ రాత్రి మా కోడలు అన్నం ముట్టలేదు.

మొదట వినికిడి పరీక్ష చేయించాము. లోపం లేదన్నారు. తరువాత మాటల శిక్షణ ఇచ్చే వైద్యురాలి వద్దకు వెళ్లాము. బహుభాషల వల్ల మాటలు ఆలస్యం కావని ఆమె స్పష్టంగా చెప్పారు. ఏ భాషలో పలికినా మాట మాటేననీ, అన్నిటినీ కలిపి లెక్కించాలనీ అన్నారు. ‘మీకు బాగా వచ్చిన భాషలోనే ధారాళంగా మాట్లాడండి. అమ్మకు, నాయనమ్మకు తెలుగులో కదా కథలు వచ్చేది, దానిని మానేస్తే బిడ్డకు మిగిలేదేమిటి?’ అన్నది ఆమె ప్రశ్న. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు టీవీ, ఫోను వంటి తెరలు రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చేసిన సూచనను గుర్తుచేశారు. వారానికి ఒకసారి తాను అరగంట మాత్రమే చూడగలననీ, మిగిలిన కాలమంతా ఇంటివారిదేననీ హెచ్చరించారు.

ఆమె చెప్పిన పద్ధతి ఇంజనీరు బుర్రకు వెంటనే ఎక్కింది. బిడ్డ చూస్తున్న వస్తువు పేరు చెప్పాలి. చెప్పి ఊరుకోవాలి. మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఎదురుచూడాలి. వాడు చిన్న శబ్దం చేసినా, వేలు చూపినా దానికి బదులివ్వాలి. ఒక సంకేతం పంపి, ప్రతిస్పందన వచ్చేవరకు ఆగి, దానినిబట్టి తరువాతి సంకేతాన్ని సరిదిద్దుకోవడం మన కంట్రోల్ రూములలో నిత్యం జరిగే పనే. అయితే యంత్రం ముందు ఎంతసేపైనా ఓపిక పట్టగలిగే మనము మనిషి ముందు ఐదు లెక్కపెట్టేదాకా ఆగడం ఎంత కష్టమో అనుభవం మీద గాని తెలియదు.

ఇంట్లో ఉన్న వస్తువుల పేర్లు పది రోజులలో అయిపోయాయి. కొత్త మాటలకు కొత్త వస్తువులు కావాలి. ఆ విధంగా ఆదివారపు షికార్లు మొదలయ్యాయి. మా శ్రీమతి ఒక నోటుపుస్తకం తెరిచి, తేదీ, స్థలం, కొత్త మాట, అది ఏ భాషది అని నాలుగు గడులు గీసింది. ప్లాంటులోని లాగ్ షీటు మా ఇంటికి అలా వచ్చింది.

సూరత్‌లో భోజనం, కాశీలో మరణం అని గుజరాతీలలో ఒక సామెత. కాశీ మాట ఎలా ఉన్నా, మొదటి సగానికి ఈ ఊరివారు మనసా వాచా కట్టుబడి ఉన్నారు. ఆదివారం సాయంత్రం చాలా ఇళ్లలో పొయ్యి వెలగదు. డుమస్ వైపు వెళ్లే గౌరవ్ పథ్ పొడవునా కుటుంబాలు రోడ్డు పక్కన చాపలు పరుచుకుని, తెచ్చుకున్నవీ కొనుక్కున్నవీ విప్పుకుని తింటూ కబుర్లాడుకుంటాయి. పసిపిల్లల నుంచి ముసలివారి దాకా అందరూ అక్కడే.

రెండేళ్ల పిల్లవానికి బయటి తిండి ఏమిటని మా శ్రీమతి మొదట అభ్యంతరం చెప్పింది. ఆమె భయానికి కారణం లేకపోలేదు. మేము ఈ ఊరికి శిక్షణార్థులుగా వచ్చింది 1993లో. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన ప్లేగు వార్తతో లక్షలాది ప్రజలు నగరం విడిచి రైళ్ల మీద వేలాడుతూ పోయారు. 1995లో నగరపాలక సంస్థ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు (ఆ ఇంటిపేరు తెలుగు చెవికి ఎంత ఇంపు!) అధికారులను చల్లని గదులలో నుంచి లేపి ప్రతిదినం వీధులలోకి పంపారు. రాత్రివేళ వీధులు ఊడ్పించారు. చెత్త వేసినవారి నుంచి రుసుము వసూలు చేయించారు. తినుబండారాల దుకాణాలకు శుభ్రత నియమాలు పెట్టి, పాటించని వారి విషయంలో పెద్దా చిన్నా చూడలేదు. నాటి అలవాటు ఊరికి ఒంటపట్టింది. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణలో ఇందోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానం పొందింది. ఈ చరిత్ర అంతా వినిపించాక మా శ్రీమతి సగం ఒప్పుకుంది. మిగిలిన సగానికి జమానతుగా కాచి చల్లార్చిన నీళ్లసీసా, పెరుగన్నం డబ్బా నేటికీ మా వెంట వస్తాయి.

మొదటి ప్రయోగం ‘లోచో’ మీద జరిగింది. నానబెట్టిన సెనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికించి, పైన నూనె, సన్నని కారప్పూస, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. ఖమణ్ చేయబోతే పాళ్లు తప్పి ముద్దగా దిగిందనీ, గుజరాతీలో ‘లోచో’ అంటే అయోమయమనీ, అదే దాని పేరయిందనీ ఊరివారు నవ్వుతూ చెబుతారు. కారం లేకుండా పెట్టించుకుంటే పసివాళ్లకు ఇడ్లీ అంత మెత్తన. ఉదయం ఏడున్నరకే వెళితే జనం ఉండరు, ఎండ ఉండదు, వడ్డించేవాడికి పిల్లవానితో రెండు మాటలాడే తీరిక ఉంటుంది. బుజ్జి కారప్పూసను వేలితో చూపి ‘చేవ్’ అన్నాడు. గుజరాతీవారి ‘సేవ్’ అన్నమాట. నోటుపుస్తకంలో ఆరవ మాట, గుజరాతీ గడిలో చేరింది. మా శ్రీమతికి తెలుగు మాట ముందు వస్తుందని ఆశ. అయినా రాసుకుంది.

వానాకాలంలో సర్థాణా జంతు ప్రదర్శనశాలకు నాలుగుసార్లు వెళ్లాము. 1984 నుంచి ఉన్న ఈ ఉద్యానవనం నీటికుక్కల పెంపకానికి పేరుపొందింది. సింహం ఎప్పుడు చూసినా నిద్రపోతూ ఉంటుంది. నిద్రపోయేదాన్ని గురించి పిల్లవానికి చెప్పడానికి ఏమున్నది? నీటికుక్క అలా కాదు. దూకుతుంది, మునుగుతుంది, తేలుతుంది, తింటుంది. అరగంటలో పది క్రియాపదాలు దొరికాయి. మేము ‘దూకింది’ అనడం, ఐదు లెక్కపెట్టడం. మూడవ ఆదివారం ‘దూ’ అన్నాడు. పెద్ద వాన కురిసిన రోజులలో పాల్ ప్రాంతంలో 2014లో వెలసిన జగదీశ్‌చంద్ర బోస్ అక్వేరియం మాకు ఆశ్రయమిచ్చింది. అక్కడ అద్దానికి ముక్కు ఆనించి నిలబడిన మనవడు, అతని పక్కన వంగి నిలబడిన తాత, ఇద్దరూ ఒకే చేపకు నోరు తెరిచి ఉండటం మా అబ్బాయి ఫోటో తీశాడు.

దసరా నాటికి పుస్తకంలో పందొమ్మిది మాటలున్నాయి. అప్పుడు లింబాయత్ వెళ్లాము. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి మరమగ్గాల మీద బ్రతుకుతున్న పద్మశాలీ కుటుంబాలు ఆ వైపు ఎక్కువ. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడిపింది. బతుకమ్మ చుట్టూ ఆడవారు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే బుజ్జి చంక దిగి, తానూ చప్పట్లు కొట్టాడు. ఒక పెద్దావిడ ‘మాటలొస్తయి బిడ్డా, రందివడకు’ అని మా కోడలి చేయి పట్టుకుంది. వైద్యురాలు శాస్త్రం చెప్పింది, ఈమె ఓదార్పు చెప్పింది. రెండూ అవసరమేనని మాకు తోచింది.

శీతాకాలంలో సూరత్‌కు ‘పోంక్’ వస్తుంది. పాలుపట్టిన లేత జొన్నకంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి, పచ్చని గింజలను వేడివేడిగా కారప్పూసతో కలిపి అమ్ముతారు. మన పల్లెలలో ఊచబియ్యం తిన్నవారికి ఇది కొత్త రుచి కాదు. కృష్ణా జిల్లా మెట్ట పొలాల్లో మా శ్రీమతి చిన్ననాడు తిన్న రుచి ఆమెకు తపతి ఒడ్డున తిరిగి దొరికింది. ఆనాడు ఆమె మనవనికి ఊచబియ్యం కథ గంటసేపు చెప్పింది. వాడు విన్నాడు. సంక్రాంతి నాటికి మాటలు నలభై ఒకటి. కాని రెండు మాటల జత ఒక్కటీ పడలేదు. ‘మాటలు రాళ్లలా పోగవుతున్నాయి గాని గోడ లేవడం లేదు’ అన్నాడు మా అబ్బాయి. ఆ మాటకు ఇంట్లో ఎవరమూ బదులు చెప్పలేకపోయాము.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం డుమస్ వెళ్లాము. నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రతీరమది. ఇసుక నలుపు. తూర్పు తీరాన పుట్టినవారికి సూర్యుడు సముద్రంలో నుంచి లేవడమే తెలుసు. ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. కొత్తిమీర, వెల్లుల్లి పచ్చడి రాసిన టమాటా చక్రాలను సెనగపిండిలో ముంచి వేయించే భజియాలకు ఆ ఊరు ప్రసిద్ధి. మన మిరపకాయ బజ్జీకి దూరపు చుట్టమే అయినా స్వభావం మెత్తన. పచ్చడి గీసివేసి, చల్లార్చి ఇస్తే బుజ్జి రెండు ముక్కలు తిన్నాడు.

పక్షం రోజుల క్రితం వచ్చినప్పుడు అలలు గట్టు దాకా ఉన్నాయి. ఈసారి ఆటు సమయం. ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది గనుక ఇక్కడ ఆటుపోట్ల తేడా దేశంలోనే పెద్దదని హజీరా జెట్టీలలో పనిచేసిన మిత్రులకు తెలిసినదే. సముద్రం కనుచూపు మేర వెనక్కు పోయి, బురద నేల మిగిలింది. బుజ్జి గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు. మా వైపు తిరిగాడు. మేము అలవాటు ప్రకారం లెక్కపెడుతున్నాము. మూడు దగ్గర ఉండగా ‘నీల్లు ఏవీ?’ అన్నాడు.

మా కోడలు భజియా పొట్లం కింద పెట్టేసింది. మా శ్రీమతి పుస్తకం కోసం సంచి వెతకసాగింది. ‘నీళ్లు వెళ్లాయిరా నాన్నా, మళ్లీ వస్తాయి’ అన్నాము. వాడు ఒప్పుకోలేదు. ‘నీల్లు ఏవీ?’ అని ప్రతి మనిషినీ పేరుపేరునా అడిగాడు, భజియాలు వేసే ఆయనను కూడా. ఆయనకు తెలుగు రాదు. అయినా సముద్రం వైపు గరిటె చూపి, పొద్దుగూకాక వస్తుందని గుజరాతీలో వివరంగా జవాబిచ్చాడు.

అద్భుతం జరిగిందని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఇప్పుడు బుజ్జికి మూడున్నరేళ్లు. ఇంకా తోటివారికన్నా కొంత వెనుకే ఉన్నాడు. వారం వారం శిక్షణ సాగుతూనే ఉన్నది. కొన్ని అక్షరాలు తిరగవు. ఆయాతో గుజరాతీలో, మాతో తెలుగులో మాట్లాడతాడు. కోపం వస్తే రెండూ కలుపుతాడు. ఒక శిశు పాఠశాలలో చేరాడు. మాటల కోసం మేము నోటుపుస్తకం తెరవడం మానివేశాము. రాయడానికి మా వేగం చాలడం లేదు.

పసిపిల్లలున్న సహోద్యోగులకు అనుభవం మీద చెప్పదలచినవి కొన్ని. రెండేళ్లకు బిడ్డ మాటల విషయంలో అనుమానం ఉంటే వంశం మీద భారం వేయక ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. షికారుకు పొద్దుటే వెళ్లండి, నిద్రవేళకు ఇంటికి చేరండి. ఒక పూటకు ఒక్క స్థలం చాలు. హోటలులో పిల్లవాడు కదలకుండా ఉండటానికి ఫోను ఇచ్చే బదులు వంటవాడు ఏం చేస్తున్నాడో చూపించండి. అంతకన్నా మంచి బొమ్మల ఆట లేదు. పరాయి రాష్ట్రంలో ఉన్నామని సొంత భాషను దాచిపెట్టనక్కరలేదు.

మహాభారతం ఆదిపర్వంలో తపతి సూర్యుని కుమార్తె, కురువంశానికి మూలమాత. నేడు ఆమె మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి వద్ద పుట్టి 724 కిలోమీటర్లు పడమటికి నడిచి మన ప్లాంటుల పక్కనే సముద్రంలో కలుస్తున్నది. ఆ నది మీది వంతెన దాటేటప్పుడల్లా బుజ్జి కారు అద్దం దించమంటాడు, ఇది ఎక్కడికి పోతుందని అడుగుతాడు. ప్రతి ఆదివారం అదే ప్రశ్న. ప్రతి ఆదివారం మేము మొదటిసారి విన్నట్లే జవాబు చెబుతున్నాము.